యాభై ఐదున్నర

కొర్లగుంట సందులో నా అంగడి.
బయట వేలాడేవన్నీ పోలీసుల కోసం కొనేవి,
నాలుగొందల యాభై నించి మొదలు.
లోపల అద్దాల బీరువాలో ఆరు మాత్రం
తలకాయల కోసం.

రెడ్డిరాణి నేరుగా ఆ బీరువా కాడికే పోయింది.
పుత్తూరు పిల్ల. నడుము దాకా జడ.
"ఆదివారం మద్రాసు పక్క ట్రాకులో రేసు మామా,
గాలి బాగా ఆడేది ఇయ్యి" అనింది.

రంగు తర్వాత మే, ముందు కొలత.
కనుబొమలకి రెండు వేళ్ళ పైన,
చెవులకి కొంచెం ఎగువన,
వెనక బుర్ర యాడ జాస్తి ఉబ్బుంటే ఆడ.
మా నాయిన కల్యాణకట్టలో ముప్పయ్యేళ్ళు
తలలు గొరిగినోడు.
నీళ్ళు చల్లి అరచెయ్యి పెడితే చాలు,
గుండ్రమా, కోడిగుడ్డా, చెప్పేసేటోడు.
నాకు ఆ చెయ్యి రాలేదు. టేపే గతి.

యాభై ఏడు.
ఎమ్ పెడితే జడ మొదట్లో తట్టుకుని పైకి లేస్తాది.
ఎల్ పెట్టి తల ఊపమన్నా.
తల ఒక పక్క తిరిగింది,
హెల్మెట్ ఇంకో పక్క చూస్తా ఉండాది.
"లూజుంటే గాలాడతాది గదా మామా?"
గాలి సందుల్లోంచి రావాల మే,
వదులులోంచి కాదు.

చూపించినా.
దేవుడి పటం కాడ అగరొత్తి పీక్కొచ్చి
ఫ్యానుకి ఎదురుగా హెల్మెట్ నిలబెట్టి
నుదుటి సందు కాడ పట్టినా.
పొగ లోపలికి దూరి
కొంచేపు యాడుందో తెలీకుండా పోయి
వెనక రెండు తూముల్లోంచి సన్నంగా బయటికొచ్చింది.
గడ్డం కాడిది మూస్తే అద్దానికి ఆవిరి.
తెరిస్తే చెవుల్లో రొద.
రెండూ లేకుండా చేసేటోడు ఇంకా పుట్టలేదు.

జడ సంగతి మాత్రం నా చేతిలో లేదు.
"మొక్కుంది మామా. గెలిస్తే ఇస్తానని."
బండెక్కి పోయింది.
పోయిన గిరాకీ అనుకున్నా.

మర్నాడు పొద్దున పదికి
గుండు. గంధం.
నవ్వితే, కొత్తగా బయటపడిన చెవులు కదలతాండాయి.
"తీరినాక గదా మే మొక్కు ఇచ్చేది?"
"అవ్వ గూడా అదే అని తిట్టింది.
ఆయనే అప్పులోడు గదా మామా,
అడ్వాన్సు ఇస్తే వద్దంటాడా?"

కొళాయి చూపించినా. గంధం లోపలి బట్టకి పడదు.
తుడుచుకొని వచ్చినాక మళ్ళా టేపు.
యాభై ఐదున్నర.
ఎస్ తీసినా.
బుగ్గలు నొక్కుకొని
మైసూరు బొండా నోట్లో ఉన్నట్టు
మాట ముద్దగా వచ్చింది. అట్నే ఉండాల.
స్పాంజి పోను పోను అణుగుతాది.
రెండు రింగుల్లోంచి పట్టీ,
గడ్డం కింద ఒక వేలు దూరేంత.
వెనక నించి పైకి తోసినా. ఊడలేదు.
పక్కకి తిప్పితే నుదుటి చర్మం గూడా
దాంతోనే పోయింది.

ఇరవై నిమిషాలు అట్నే కూచో అన్నా.
టీ వచ్చింది. చల్లారింది.
ఇద్దరొచ్చి, ఆమెని చూసి నవ్వుకొని,
నాలుగొందల యాభైది కొనుక్కొని పోయినారు.
వేలితో సందు మూస్తాది, తెరుస్తాది.
ఒకసారి కండ్లు మూసుకొని కుడికి వాలింది,
చానాసేపు అట్నే ఉండి
ఎడమకి.
స్టూలు కిర్రుమనింది.
ఏ మలుపో.

తీసినాక నుదురు చూసినా.
ఒక్కచోటే ఎర్రగా కమిలుంటే ఆకారం తప్పు.
లేదు. చుట్టూ సమంగా అచ్చు.
"జుట్టు మొలిస్తే?"
మూడు నెలలకి రా, పై మెత్త పల్చనిది వేసిస్తా.
కింద పడేసినావంటే మాత్రం తేవద్దు,
దెబ్బ తినేది ఇది ఒకసారే.
బేరమాడింది. రెండొందలు తగ్గించినా,
ఇంకో వంద ఆమే ఎగ్గొట్టింది.

ఆదివారం అంగడి సెలవు.
అయినా తీసి, ఊరికే బీరువా తుడస్తా ఉన్నా.
ఆ ఎల్ సైజు పట్టీకి
మూరెడు వెంట్రుక చుట్టుకొని ఉండాది.
కొండకి పోనిది అదొక్కటే.
విప్పబోయి, ఫోను మోగిందేమో అని
చూసినా.
మోగలేదు.