సమ్మెట దిగే ముందు

నయా ఖిల్లా గోడ పక్కన, పొద్దున ఆరు కాకముందే.
బుట్టలో యాభై బంతులు. చేతిలో ఏడో నంబరు ఐరన్.
నలభై తొమ్మిదేళ్ల నా నడుము
ఇంకా నిద్ర లేవలేదు.

"మేడమ్, మీరు లేపుతలేరు, గుంజుతున్నరు"
అంటాడు ఎల్లేషు.
క్యాడీ. నా బ్యాగు మోసే మనిషి.
బుట్టకి రెండు వందలు తీసుకుని
నా తప్పులు కూడా మోస్తాడు.

ఎడమ భుజం గడ్డం కిందికి రావాలి.
మణికట్లు తమంతట తామే మడవాలి.
కుడి మోకాలు పక్కకి జారకూడదు.
ఇవన్నీ నాకు తెలుసు. ఇరవై వీడియోలు చూశాను,
నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను.
అయినా పైకి వెళ్లీ వెళ్లకముందే
రెండు చేతులూ కిందికి ఉరుకుతాయి,
సిగ్నల్ పచ్చబడకముందే హారన్ మోగించే
మెహిదీపట్నం చౌరస్తాలా.
బంతి కుడికి వంకర తిరిగి
తుమ్మ పొదల్లో పడుతుంది.
నెమలి ఒకటి చిరాగ్గా లేస్తుంది.

ముప్ఫై ఒకటో బంతి దగ్గర
ఎల్లేషు నా కర్ర తీసుకున్నాడు. కొట్టలేదు.
ఎత్తి, పైన ఆపి, నా వంక చూశాడు.

"మా నాయిన బండలు కొట్టేటోడు మేడమ్, రాయదుర్గం దిక్కు.
పదహారు పౌండ్ల సమ్మెట.
ఎత్తేదాంక మనిషి పని,
దిగేది సమ్మెట పని అనేటోడు.
నడుమ జరంత జాగ ఉంటది. అది ఎవ్వలిదీ కాదు.
ఆడ తొందరపడ్డోనికి
రాయి పలగదు, భుజం పలుగుతది.
సమ్మెట ఇంక పైకి పోతనే ఉంటది,
ఎడమ మడమ అప్పటికే
నేలను దేవులాడుతది. గంతే."

అతని వెనక, గోడకి అవతల,
రాయదుర్గం అద్దాల మేడలు ఎర్రబడుతున్నాయి.
అందులో ఒకదాని పదకొండో అంతస్తు మా ఆఫీసు.
అక్కడ ఏ బండ ఉండేదో, ఎన్ని దెబ్బలకి విచ్చుకుందో
పద్నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.
లిఫ్టు తలుపు మూసుకునే రెండు సెకన్లు కూడా ఆగలేక
బటన్ నొక్కుతూనే ఉన్నాను.

"ఉన్నారా మీ నాన్న?" అన్నాను.
"కొట్టుండ్రి మేడమ్, ఎండెక్కుతది" అన్నాడు.

ఎత్తాను.
వీపు పాత ఇనుప గేటులా నెమ్మదిగా తిరిగింది.
భుజం గడ్డానికి తగిలింది.
పైన,
ఫిరంగుల సెంటర్లో ఎవరో విజిల్ ఊదారు.
ఆ విజిల్ మొత్తం విన్నాను.
ఎడమ మడమ నేలను దేవులాడింది.
తర్వాత నేనేమీ చేయలేదు.

చప్పుడు వేరేగా వచ్చింది,
ఎండుకొబ్బరి చిప్ప పలిగినట్టు,
చిన్నగా, లోపల్నుంచి.
బంతి ఎటు పోయిందో నేను చూడలేదు.
ఎల్లేషు చూశాడు, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని,
రాయదుర్గం దిక్కు,
బంతి పడిపోయాక కూడా చాలాసేపు.

"ఇంకోటి పెట్టనా?"

ముప్ఫై రెండోది మళ్లీ తుమ్మల్లోకే.
నెమలి ఈసారి లేవలేదు.