పురుగు ముట్టని చెట్టు

గేటు తియ్యకుండానే అడిగారు,
"ఏం అమ్ముతున్నారమ్మా?"
ఏమీ అమ్మనండి.
ఆదివారం కదా, మీ పెరడు చూసి
నాలుగు మాటలు చెప్పి పోతాను.
ఊరికే చెప్పేవాళ్ళంటే
మండపేటలో ఇంకా అనుమానమే.

ఇంటిపేరు ఆకుల.
ఆకుల తాతబ్బాయి గారి పెరట్లో
రాలిన ఆకు ఒక్కటి లేదు.
గోడ నుంచి గోడకి పలకరాళ్ళు,
నడుమ క్షవరం చేసిన పచ్చిక,
వరసగా పన్నెండు కోనోకార్పస్‌లు
బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా.

దగ్గరికెళ్ళి మొదళ్ళు తడిమాను.
ఏడో చెట్టుకి, నేలకి జానెడెత్తున,
ఊతకర్రకి కట్టిన కొబ్బరితాడు
విప్పేవాళ్ళు లేక బెరడులోకి దిగిపోయింది.
ఆ ముడి నాది.
కడియం నర్సరీలో ఇరవయ్యారేళ్ళు
ఎడంచేతి వాటంతో వేసిన ముడి.
"నీళ్ళు మర్చిపోయినా బతుకుద్దండి, పురుగు ముట్టదండి"
అని లారీ ఎక్కించిందీ నేనే.
అబద్ధం కాదు.
పురుగు ముట్టదు.
పురుగు ముట్టని చెట్టు మీద
పికిలిపిట్ట పిల్లల నోట్లో ఏం పెడుతుంది?
అప్పుడు నన్నెవరూ అడగలేదు.
నన్ను నేనూ అడగలేదు.

"అయితే ఏం వెయ్యమంటారు?"
మజ్జిగ గ్లాసుతో దమయంతి గారు.
వెయ్యడం తర్వాతండి, ముందు వదిలెయ్యండి.
బోరు పక్కన ఆ మూల
రాళ్ళు తీయించి చీపురు తగలనివ్వకండి.
జిల్లేడు తనే వస్తుంది, పీకకండి.
గోడకి ఈశ్వరి తీగ నేను తెస్తాను,
వీధి వైపు రేల, నీడకి కానుగ,
వంటింటి కిటికీ కింద కరివేప.
తడి నిలిచే చోట మొగలి పొద అనబోయి
నాలిక కరుచుకున్నాను.

అయినా వచ్చింది ఆ మాట.
"పాములొస్తాయేమో!"
వస్తే జెర్రిపోతండి, మీ ఎలకల కోసం.
గోడవతల పంట కాలవ ఎప్పట్నించో ఉంది,
దాని వెంబడి పాకేవీ ఎప్పట్నించో ఉన్నాయి,
కొత్తగా వచ్చింది గోడే.
ఇది మాత్రం పైకి అనలేదు.
సలహా చెప్పేవాళ్ళకి
చెప్పే మాటలకన్నా మింగే మాటలెక్కువ.

పన్నెండింట్లో నాలుగు కొట్టించారు తాతబ్బాయి గారు.
మిగతావాటికి వాస్తు అడ్డం వచ్చింది.
ఎదురింటి లెక్కల మాస్టారు
అన్నీ విని, పుస్తకంలో రాసుకుని,
మర్నాడు పెరడంతా సిమెంటు చేయించారు.

కాలవకి నీళ్ళు వదిలిన నెలలో
రాత్రి తొమ్మిదింటికి ఫోను.
"వరహాలమ్మ గారూ, మీ మాట విన్నందుకు
చారులోకి రెబ్బ మిగల్లేదండి.
పిట్ట రెట్టల్లాంటి పురుగులు.
మందు కొట్టించనా?"
పిట్టకి దొరక్కుండా వేసుకున్న వేషమండి అది.
నాలుగు రోజులాగితే పచ్చబడతాయి.
కరివేపాకు నేను కొని పంపిస్తాను,
మందు వద్దు.
ఆవిడ ఊఁ అనలేదు, ఫోనూ పెట్టలేదు.
వెనకాల టీవీ మోగుతూనే ఉంది.

ఎందుకైనా మంచిదని
రెండు కట్టలు కొనుక్కుని వెళ్ళాను.
మోటారు స్విచ్చి మీద అట్టముక్క,
"ముట్టొద్దు" అని తాతబ్బాయి గారి దస్తూరీ.
వారం రోజులుగా ఆయన
వీధి కుళాయి నుంచి బిందెలు మోస్తున్నారట,
నడుం పట్టుకుని నన్ను తిడుతూ.
వంగి చూశాను.
స్విచ్చి పెట్టె అడుగున
చిటికెన గోరంత పచ్చటి మూట.
తోక దగ్గర అంటు,
నడుముకి ఒకే ఒక్క దారం చుట్టు.
బిగువు లేదు, వదులు లేదు.
పెరిగేదాన్ని కోసుకోని ముడి.
ఇరవయ్యారేళ్ళలో అలాంటిదొక్కటి
వేశానా అని
బస్సులో రావులపాలెం దాకా ఆలోచించాను.

నాకు పెరడు లేదు.
అద్దె పోర్షను, మెట్ల కింద
రంగు డబ్బాలో ఒక జిల్లేడు.
ఇంటివాళ్ళు రెండుసార్లు పీకేశారు,
మూడోసారి మొలిచింది.
ఎన్ని గేట్ల ముందు నిలబడ్డానో గానీ
పైమేడ మీది ఆ తలుపు
ఇంకా కొట్టలేదు.