ఏడో నిబంధన

మా బడి ల్యాబులో ఇరవై రెండు కంప్యూటర్లు,
లేచి పలికేవి పధ్నాలుగు.
నిబంధనలు మాత్రం పదకొండుకి పదకొండూ పనిచేస్తాయి.
గోడకి అంటించింది నేనే,
ఏటా సెప్టెంబరులో గొంతు సవరించుకుని చదివేదీ నేనే.
హాస్టలు పిల్లలు వింటారు,
ముసలి గుర్రాన్ని పడుచుదని అమ్మే బేరగాడి మాట విన్నట్టు,
నమ్మకుండా, మర్యాదగా.

ఒకటి: పాఠానికి పనికొచ్చేదే చూడాలి.
నాలుగు: ఆటలు, సినిమాలు, కబుర్లు కూడదు.
ఏడు: తెరిచిన తెరను వదిలేసి ఎవరూ లేచి పోకూడదు.
తక్కినవి చూడకుండా చెప్పమంటే నేనే తడబడతాను.
కింద పెద్దవాళ్ల సంతకం.
ఆ కాగితాలు నవంబరులో తిరిగొస్తాయి
మాంసం మోసుకొచ్చే జీపుల్లో,
అంచులకి కాస్త కొవ్వు అంటుకుని.

జనవరి మూడో వారం.
సర్వరు తన చిట్టా నా ముందు పరిచింది.
తొమ్మిదో తరగతి ఒయున్‌దెల్గెర్,
అయిదు రోజుల్లో నలభై ఒక్కసార్లు
ఒకే పటం.
లెక్కల పీరియడులో, రసాయనంలో,
ఒకసారి భోజనాల గంట మోగుతుండగా.
ఎర్ర అక్షరాల్లో తీర్పు కూడా అదే రాసేసింది:
పాఠానికి సంబంధం లేదు.

తెరిచి చూశాను.
ఉపగ్రహం తీసిన తెల్లటి చదును. ఇంకేం లేదు.
మూలన ఒక అంకె, మైనస్ నలభై నాలుగు.
పక్కన గాలిని చూపే చిన్న బాణం.
ఆ తెలుపులో ఎక్కడో వాళ్ల నాన్న,
మూడొందల గొర్రెలు,
గడ్డి మీద మంచు, మంచు మీద పలుగుకి లొంగని ఐసు పొర,
ఫోను మోగని లోయ.

హెడ్మిస్ట్రెస్ త్సెరెన్నాద్మిద్ చెడ్డమనిషి కాదు.
ఆమెకీ అన్నగారి మందలో నలభై మేకలున్నాయి.
"ఒకళ్లకి వదిలితే రేపు ముప్పైమంది," అంది.
"ఉన్నది దారం లాంటి లైను.
పరీక్ష పేపర్లు దిగాల్సిందీ దాంట్లోంచే."
నిజమే. ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

రెండు వారాలు ఆ పిల్ల ఖాతా మూసేశాను.
ఏడవలేదు. వాదించలేదు.
తొడుగులు తగిలించుకుంటూ అంది:
"రాత్రి గాలి మళ్లింది మాస్టారూ.
మా కొట్టం తలుపు దక్షిణానికి."
అంతే. బూట్ల చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు ఒంటిగంటకి
నా పేరుతో, నా పాస్‌వర్డుతో పటం తెరిచాను.
ఆ లోయ దాకా పెద్దది చేశాను.
కుర్చీ కొంచెం వెనక్కి లాగి,
తలుపు గడియ వేయకుండా,
ఉప్పు టీ తాగడానికి వెళ్లాను.
ఆ టీ చల్లారడానికి అరగంట పట్టింది.
చల్లారనిచ్చాను.

కంచే చేను మేసిందంటారా, అనండి.
ఈ నేల మీద చేను ఎక్కడుందో ముందు చూపించండి.

తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు.
మౌస్ ఇంకా వెచ్చగా ఉంది.
తెరమీద నేను వదిలిన లోయ లేదు,
ఉత్తరాన ఇంకెవరిదో వాగు, గడ్డకట్టింది.
తర్వాతి రోజు మరో కొండవాలు.
ఆ పై రోజు పేరే లేని చోటు,
ఎవరో దాన్ని తెర నిండేంత పెద్దది చేసి
అలాగే వదిలి వెళ్లారు.

నెలాఖరుకి చిట్టా అచ్చయింది.
ఏడో నిబంధన ఉల్లంఘన, తొమ్మిదిసార్లు,
ఎదురుగా నా పేరు.
కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది,
ఆ గడి గీసిందీ నేనే, ఎప్పుడో, స్కేలు పెట్టి.
"గాలి" అని రాశాను.
సంతకం చేసి ఆమె బల్లమీద పెట్టాను.
ఇంకా ఏమీ అనలేదు.

గొర్రెలు ఎన్ని మిగిలాయో ఆ పిల్లని అడగలేదు.
మార్చిలో దారి తెరిస్తే
జీపులు వస్తాయి.