పేరు టైపు చేయండి

కరెంటు పోయి వచ్చే లోపు
యూపీఎస్ ఎనిమిది నిమిషాలు ఓపిక పడుతుంది.
ఆ భయం తీరాక, రాత్రి పదకొండుకి
మార్కాపురమంతా షట్టర్లు దించుకున్నాక
కొత్త వెర్షన్ నొక్కాను.

స్టూడియో వెనక గదిలో, ఫ్లెక్సీ చుట్టల పక్కన
పాత క్యాబినెట్‌లో నాలుగు డిస్కులు.
పదకొండేళ్ల పెళ్ళిళ్ళు వాటిల్లో తిరుగుతుంటాయి.
తలంబ్రాలు, అప్పగింతలు,
డ్రోన్ వంగి చూసిన షామియానాలు,
కాశిం చెయ్యి వణికిన చోట మసకేసిన మంగళసూత్రం.

ఈ సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారో నాకు తెలియదు.
డబ్బులడగరు.
ఎక్కడో ఒకరు తప్పు పట్టుకుంటే ఇంకెవరో దిద్దుతారు,
కొత్తగా ఏం చేశారో చీటీ రాసి పెడతారు.
ఆ చీటీ చదవడం నాకు
ఉగాది నాడు పంచాంగం విన్నంత ఇష్టం.

ఇక మీదట ఒక్క డిస్కే తెచ్చి కలుపుకోవచ్చంట.
ఇదివరకు పూల్ పెంచాలంటే
ఇల్లు ఖాళీ చేసి పునాది నుంచి కట్టుకోవడమే.
ఇప్పుడు, చుట్టమొచ్చాడని
ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసినట్టు.
కాకపోతే పాత రాతలు పాత వాటాలోనే ఉంటాయి,
తిరగరాస్తే తప్ప కొత్త వాటాకి రావు.
ఆ వాక్యం దగ్గర చాయ్ చల్లారింది.

గంటగంటకీ స్నాప్‌షాట్.
కాశిం పొరపాటున చెరిపినా
గంట వెనక్కి నడిచి తెచ్చుకుంటాను.
ఆదివారం ఆదివారం స్క్రబ్.
ప్రతి గడీ తెరిచి, రాసిన నాటి లెక్కతో పోల్చి
తేడా ఉంటే తనే సర్దుకుంటుంది.

మా పెద్దమ్మ పలకల ఫ్యాక్టరీలో ఫ్రేములు బిగించేది.
గోళ్ళ సందుల్లో ఆ బూడిద పొడి
తలంటు పోసుకున్నా పోయేది కాదు.
ఈ ఊరు ఊరూరికీ తుడుచుకునే వీలు అమ్మింది.
ఉమ్మేసి మోచేత్తో రుద్దితే చాలు,
మరకుంటే దొండాకు.
ఆ ఊళ్ళో కూర్చుని నేను
దేన్నీ పోనివ్వని పెట్టెను మేపుతున్నాను.

గురువారం శేషకుమారి వచ్చింది, తర్లుపాడు నుంచి.
"అన్నా, మా పెళ్ళి వీడియో ఉందా?"
"ఉందమ్మా. కాపీ కావాలా?"
"తీసెయ్యాల."

సంచిలోంచి కోర్టు కాగితం తీయబోతే వద్దన్నాను.
"ఆయన దగ్గర పెన్‌డ్రైవ్ ఉంటదిగా?"
"అది ఆయన కర్మ. నీ దగ్గరున్నంత కాలం
ఆడ ఇంకా పెళ్ళి జరగతానే ఉన్నట్టుంటది నాకు."

తీసేశానని చెప్పి పంపొచ్చు.
కాపీ చేసిన ఫోల్డరు చెరిపి, ఇదిగో లేదు చూడమనొచ్చు.
కానీ రెండువందల పద్నాలుగు స్నాప్‌షాట్లలో
ఆమె ఇంకా తలవంచుకుని కూర్చునే ఉంది,
జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టుకుని.
చెప్పేశాను.
"పలక మాదిరి కాదా?" అంది.
"కాదమ్మా."

ప్రతి పెళ్ళికీ వేరే అర కట్టి ఉంచడం
ఆ రోజు పనికొచ్చింది.
ఇదివరకు ఒక టిక్కు పెడితే చాలేది,
కొత్త వెర్షన్ ఒప్పుకోలేదు.
ఎర్ర గడి తెరుచుకుంది:
వీటితో పాటు స్నాప్‌షాట్లన్నీ పోతాయి. తిరిగి రావు.
పేరు టైపు చేయండి.

కీబోర్డు ఆమె వైపు జరిపాను.
ఇంగ్లీషు అక్షరాలు, ఒంటి వేలు.
ముందు రంగనాయకులు. మధ్యలో వెడ్స్.
చివర తను.
ఎక్కడో ఒక అక్షరం జారింది, బటన్ వెలగలేదు.
నేను కొడతానంటే చెయ్యి అడ్డం పెట్టి
మొదట్నుంచీ మళ్ళీ కొట్టింది,
ఆయన పేరు కూడా.

గ్రాఫులో గీత వెంట్రుకవాసి దిగింది.
"ఎంతన్నా?" అని పర్సు తీసింది.
తీయడానికి రేటుంది, ఎడిటింగ్‌కి రేటుంది.
దీనికి ఎప్పుడూ అనుకోలేదు.
చాయ్‌కి చెప్పి రమ్మని కాశింని పంపాను.

ఆదివారం స్క్రబ్ నడిచింది. తప్పులు సున్నా.
కలుపుదామని తెచ్చిన డిస్కు
ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.