సెకనుకు పన్నెండు బొమ్మలు

"మొకం జూపియ్యకు, గొంతు ఉంచుకో"
అన్నాడు బాలనర్సు.
ఇరవై రెండేళ్లు సిటీ బస్సులో కండక్టరు,
నాలుగు నెలలు ఎర్రగడ్డలో రోగి.
నా కాగితం మీద ఇంతే రాసిచ్చాడు,
రెండో లైను కొట్టేసి, మళ్లీ రాసి.

ఎర్రగడ్డ ఈ ఊళ్లో ఒక తిట్టు.
బళ్లో మేమూ తిట్టుకున్నాం.
మెట్రోలో ఆడగొంతు ఒక్కటే
తరువాతి స్టేషన్ పేరుగా
నవ్వకుండా పలుకుతుంది.

బోరబండ, మూడో అంతస్తు గది.
అతనిది కాని ముఖం అతనికి గీస్తున్నాను.
ముక్కు మా మేనమామది,
చెవులు కింద ఇస్త్రీబండి ఆయనవి.
చేతులు మాత్రం అతనివే,
వేళ్ల సందున నిలువుగా మడిచిన పదినోట్లతో సహా.

"అమీర్‌పేట కాడ దిగి రైట్ రైట్ అన్న.
బస్సు వోయింది. నేను కిందనే ఉన్న."
ఆ తర్వాత పదకొండు సెకన్లు రికార్డులో ఏమీ లేదు,
ఫ్యాను చప్పుడు తప్ప.
నూట ముప్పై రెండు బొమ్మలు,
ఒక మనిషి ఊరికే నిలబడ్డానికి.
ఒకటే గీసి ఆపేయొచ్చు,
కానీ ఆగిన బొమ్మ చచ్చినట్టుంటుంది.
అదే మనిషిని మళ్లీ మళ్లీ గీశాను,
గీతకూ గీతకూ వెంట్రుకవాసి తేడాతో.
చుట్టూ బొగ్గుతో నల్లటి పొగ.
అందరూ వేసేదే.

సాసర్లో చాయ్ ఊదుకుంటూ చూశాడు.
"నలుపెందుకు వెట్టినవ్ బిడ్డా?
నాకు చీకటి గాలె.
ట్యూబులైటు లెక్క ఒకటే తెలుపు.
రాత్రి లేదు, పగలు లేదు.
ఆర్పుదామంటె స్విచ్చు దొర్కలె."

ఆ రాత్రి పొగ తుడుస్తూ కూర్చున్నాను.
కాగితం కింద గాజుపలక,
దాని కింద లైటు.
ఇన్నాళ్లూ ఆ తెలుపు మీదే చేతులు ఆనించి
నలుపు కోసం వెతికాను.
అక్కడక్కడా బొగ్గు మరక పోలేదు. ఉండనిచ్చాను.

మళ్లీ చూపించాను.
చాలాసేపు మాట్లాడలేదు.
అలవాటు కొద్దీ లెక్కబెట్టాను:
అరవై బొమ్మలు, డెబ్బై, తొంభై...

"సంచి ఎడమ బుజానికుంటది బిడ్డా.
కుడి దిక్కేసినవ్.
గట్లయితె చిల్లర ఎట్లియ్యాలె?"

సంచి మార్చాలి,
మొదటి బొమ్మ నుంచి.