వారసురాలు లచ్చవ్వ

మూడు చుక్కలుంటే పే, ఒక్కటుంటే బే
అన్నడు జహీరుద్దీన్ సారు
అద్దాలు నొసటి మీదికి తోసి.
రెండు చుక్కలు చెదలు తిన్నయి.
అందుకే మా పెంటయ్య
ఎనభై ఏండ్లు బంటయ్యగ పండుకున్నడు
ఎర్రగుడ్డ కట్టిన బస్తాల.

ముందు పుట్టినోళ్లు ఇద్దరు దక్కలేదట.
వీడన్న దక్కాలని
పెంట మీద పండవెట్టి, చాటల ఎత్తుకొచ్చి పెట్టిన పేరు.
మిత్తి కండ్లు గప్పెటందుకు పెట్టిన పేరు
గుమాస్తాల కండ్లు గూడ గప్పింది.

మూడేండ్లు దేవులాడిన.
దేవరకొండ తాసీలుల, నల్లగొండ ఖజానాల,
పట్నంల దస్త్రాలు మూటలుగట్టి పడేసిన చీకటి అర్రల.
సైన్యం ఆఫీసుకు ఏడు ఉత్తరాలు రాస్తే
ఒక్క జవాబు: "నంబరు తెలుపగలరు."
నంబరే తెలిస్తే
మనిషిని దేవులాడుడెందుకు?

ఇంట్ల మిగిలింది ఒక సమ్మెట.
దాని కామ గూడ మూడుసార్లు మారింది.
ఫొటో లేదు.
నాయినమ్మ నోట్లె ఒక మాట మాత్రం ఉన్నది:
"అన్న నవ్వితె పక్క గుట్టకు వినొచ్చేది."
బర్మాల సచ్చిండని ఒకలు,
బొంబాయిల సంసారం పెట్టిండని ఒకలు.
కల్లు తాగిన నాడు మా చిన్నతాత
జపాను రాజు కాడ జీతమున్నడనేటోడు.

సారు వేలు కుడికెల్లి ఎడమకు జరిగింది.
"బంటియా వల్ద్ ఎల్లియా. కౌమ్ వడ్డర్.
మౌజా నక్కలబండ.
పల్టన్ల భర్తీ అయి, అస్సాం ముల్కుల
బాట కొట్టంగ జెరమొచ్చి ఫౌత్."
ఫౌత్ అంటే ఏందని నేను అడగలే.
భూమి కాయితాల ఫౌతి ఇప్పటికీ రాస్తనే ఉన్నరు.

రాళ్లు కొట్టుడు తప్పిచ్చుకొని పోయిండనుకున్నం.
వెయ్యి కోసులు పోయి
గవే రాళ్లు కొట్టిండు.

"రావలసిన జీతం నూట పద్నాలుగు రూపాయల ఆరణాలు.
వారసురాలు లచ్చవ్వ.
మౌజాల దర్యాఫ్తు చేయంగ
ఆ పేరుగల ఆడమనిషి లేదు. పైకం వాపస్."

లచ్చవ్వ ఎవరు?
బస్సుల కొండమల్లేపల్లి దాక అదే సోంచాయించిన.
తల్లి ఈదమ్మ. చెల్లె బుచ్చవ్వ, మా నాయినమ్మ.
లగ్గం కాలేదు.
ఎక్కడన్న ఎవరన్న ఉండెనా, చెప్పుకోని మనిషి?
లేకుంటే ఈయన మనోడే కాదేమో.
ఇంకో నక్కలబండ, ఇంకో ఎల్లయ్య,
మూడేండ్లు నేను
ఎవరిదో సావు మోసుకొని తిరిగిన్నేమో.

నాయినమ్మ మంచంల కూసోని
చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.
చెవికాడికి వంగి అడిగిన.
తీసుడు ఆపలే.
"లచ్చవ్వ మన గాడిద గదనే.
తెల్లమూతిది. రాళ్లు మోసేది."

నవ్వింది. పండ్లు లేని నవ్వు.
గుట్టకు కాదు గని పక్కింటికి వినొచ్చింది.
నడిమిట్ల ఆగింది.

"పోచయ్య కొడుకు గూడ పల్టన్లకే పోయిండె.
ఎండకాలం వాని తార్ వచ్చింది.
చదివి చెప్పినంక
వాళ్లమ్మ నీళ్లకని పోయి బాయిల వడ్డది.
ఆ బాయి తవ్వింది మనోళ్లే.
ఆమెను పైకి తీసింది మా అన్ననే.
ఆనలు వడంగ తానూ పోయిండు."

అంతకన్న చెప్పలే.
నాకు మాత్రం ఒక బల్ల కనవడ్డది,
బల్లెనక కలం పట్టుకున్న మనిషి.
ఇంట్ల ఆడోళ్లు ఎవరున్నరంటే
కొంచెంసేపు నేల చూసిన ఒక పోరడు.

అన్న తార్ గూడ వచ్చింది.
ఊరంత తిరిగింది.
గాడిదల కొట్టం ముంగటికెల్లే పోయుంటది.
లచ్చవ్వ దొరకలే.

ముత్తవ్వ ఇంకో పదారేండ్లు బతికింది.
గట్క వండిన ప్రతి మాపు
ఒక ముద్ద ఎక్కువ వండి మూతవెట్టేదట.
మరి తెల్లారి ఆ ముద్ద ఎవరు తినేటోళ్లని అడిగిన.

నాయినమ్మ చాట పక్కకు జరిపింది.
"ఇంకెవరే,
లచ్చవ్వనే."