చాలు అనే మాట

పదహారు గదులు. నలభై మూడు కుక్కలు.
డార్లింగ్ నది గుంటలు గుంటలుగా మిగిలిన ఏడాది అది.
గడ్డి పోయాక గొర్రెలు పోయాయి,
గొర్రెలు పోయాక
కుక్కల్ని మా గేటుకి కట్టేసి పోయారు,
చీకటి పడ్డాక వచ్చి, హెడ్‌లైట్లు ఆర్పుకుని.

నా పని పైపుతో గదులు కడగడం,
అట్టముక్క మీద రెండు మూడు మాటలు రాయడం.
బుధవారం సాయంత్రం జాబితా.
గురువారం డాక్టరు.
అంతకు మించి అడక్కండి.

పదకొండో గదిలో ఎర్రమట్టి రంగు కెల్పీ.
చెవులు నిక్కబొడుచుకుని, పేరు లేకుండా.
రోజంతా తిరిగేది,
ఎడమ నుంచి కుడికి, గోడ,
మళ్ళీ కుడి నుంచి ఎడమకి.
సిమెంటు మీద దాని దారి
తడి ఆరాక కూడా కనబడేది.
కాలుగాలిన పిల్లి అంటారే,
దీనికి కాలింది కాలు కాదు.

ఒక పొద్దున నేను వంగి గిన్నె తీస్తుంటే
వెనకనుంచి వచ్చి మడమ పట్టింది.
అట్ట మీద రాశాను: కరుస్తుంది.
రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.
అదీ చెప్పాలి కదా.

మంగళవారం నోలీన్ పాస్కో వచ్చింది,
వెనక ఆరు బోనులున్న పాత ట్రక్కులో.
డెబ్బై దాటిన మనిషి. ఒక మోకాలు మాట వినదు.
ఉన్ని కత్తిరించే షెడ్లలో ముప్పై ఏళ్ళు వంటచేసి
గొంతు పొగచూరింది.
అట్ట చదివి, నా వైపు చూసి,
"బూటు విప్పు" అంది.
విప్పాను.
మేజోడు మీద తడి తప్ప ఏమీ లేదు.
"కరవలేదయ్యా. మందలోంచి తప్పిపోతున్నావని
నిన్ను లోపలికి తోసింది."

అప్పటికే ఐదు బోనులు నిండాయి.
ఆరోది పదకొండో గదికి దక్కింది.
పన్నెండు, పదమూడు
కమ్మీలకి ముక్కులు ఆనించి
ట్రక్కు మలుపు తిరిగేదాకా చూశాయి.
వాటి సంగతి రాయను.

ఎండలు తగ్గాక ఒక ఆదివారం వెళ్ళాను.
నీళ్ళ ట్యాంకు కింద పడుకుని ఉంది.
నన్ను చూసి లేవలేదు,
నా చేతుల్ని చూసింది.
"పైపు కనబడితే పారిపోతుంది,
చెంబుతో పోస్తాను" అంది నోలీన్,
మామూలుగానే.
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.
పేరు పెట్టావా అంటే
"దానిదేదో దానికుంది, మనకి తెలీదంతే" అంది.

అక్కడి మంద అంతా మూడు ముసలి గొర్రెలు,
ఒకదానికి కన్ను లేదు.
ఈల వేసిందో లేదో
పొట్ట నేలకి ఆనేంత వంగి
అది వెళ్ళింది.
అదే ఎడమ, అదే కుడి,
ఈసారి గోడ లేదు.
నా పదకొండో గది గీత
వంద గజాల వెడల్పున విచ్చుకుంది.

"పరుగు నేను నేర్పలేదు,
అది తల్లి కడుపులోంచే తెచ్చుకుంది.
నాలుగు నెలలు నేర్పింది ఒక్క మాట."
గొర్రెలు దొడ్లో చేరాక గొళ్ళెం వేసి
గొంతు పెంచకుండా
"చాలు" అంది.

కుక్క ఆగింది.
నిజమేనా అన్నట్టు ఒకసారి వెనక్కి చూసి
ఆమె నీడలోకి నడిచొచ్చి
కూలబడి
కళ్ళు మూసుకుంది.

మా దగ్గర ఉన్న నలభై రోజుల్లో
అది కళ్ళు మూయగా నేను చూడలేదు.
తిండి పెట్టాం, సూదులు వేశాం,
చలికి దుప్పటి కూడా ఇచ్చాం.
పని అయిపోయిందని మాత్రం
ఎవ్వరం చెప్పలేదు.

పదకొండో గదిలో ఇప్పుడు నల్లది ఒకటి.
పైపు చుట్టేసి బకెట్టుతో కడుగుతున్నాను,
ఆలస్యమవుతోందని పైఆఫీసరు గొణుగుతాడు.
బూటు విప్పి చూసుకున్నాకే అట్ట రాస్తాను.
తాళాలు వేసే ముందు
గదిగదికీ ఆగి ఆ మాట అంటాను.
వినవు. తిరుగుతూనే ఉంటాయి.

రేపు బుధవారం.